గీజరు టైమరుకు గుట్టక్షరాలు

రెండు వందల యాభై రూపాయలు మిగిల్చుకునే తెలివి మా వీధిలో నా ఒక్కదానికే ఉందని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. గోడకున్న గీజరు టైమరు తీసి కొత్తది బిగించడానికి కరెంటు పనాయన రెండు వందల యాభై అడిగినాడు. నేను నూరు అన్నాను. ఆయన నవ్వినాడు. నేనూ నవ్వినాను. ఆయన నవ్వుతూనే మెట్లు దిగి పోయినాడు, నేను నవ్వుతూనే స్క్రూడ్రైవరు కొనుక్కోవడానికి పోయినాను. నా బతుకులో ఇంత ధైర్యంగా తీసుకున్న నిర్ణయం ఇంకొకటి లేదు. ఇంత ఖరీదైనది కూడా లేదు.

నేను ఆదోనిలో గుడ్డల కొట్టులో పెరిగినదాన్ని. మా అమ్మ గల్లా పెట్టె పక్కనే ఊయల కట్టి నన్ను ఊపేదట. అందుకేనేమో చిల్లర శబ్దం వింటే నాకు ఇప్పటికీ నిద్ర బాగా పడుతుంది. ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చి ఇరవై ఏళ్ళు. ఇక్కడా కొట్టే. కింద నేత చీరల కొట్టు, పైన ఇల్లు. కొట్లో నా భర్త, ఇంట్లో మా అత్త, రెండింటి మధ్య మెట్ల మీద నేను.

టైమరు కథంతా మా అత్త కార్తీక స్నానాలది. పదకొండేళ్ళుగా కార్తీక మాసం నెల రోజులూ సూర్యుడు లేవకముందే తలస్నానం చేస్తుంది. ఒక్క రోజు తప్పలేదు. నదికి పోయే మోకాళ్ళు కావు కాబట్టి, తుంగభద్ర కాలువ నీళ్ళే కదా మన ట్యాంకుకు వచ్చేది అని గీజరు కొళాయి కిందే బకెట్టు పెట్టుకుని, చెంబుకొక నది పేరు చెప్పి పోసుకుంటుంది. చన్నీళ్ళు పోసుకుంటే మోకాళ్ళు పట్టేస్తాయి, ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పినాడు. ఆమె స్నానం కాకుండా ఇంట్లో ఎవరూ పొయ్యి ముట్టకూడదని అత్త అంతకన్నా గట్టిగా చెప్పింది.

"నేను లేచి గీజరు ఏస్తాలే అత్తా" అని ఒక ఏడు అన్నాను.

"నా స్నానానికి నువ్వు నిద్ర చెడగొట్టుకుంటే పుణ్యంలో సగం నీకు రాస్తారు మే. నేనియ్య."

"పోనీ నువ్వే ఏసుకో."

"నేను స్విచ్చు ఏస్తే అది నది ఎట్లయితాది? నది దానంతట అది పారాల."

అలా నది దానంతట అది పారడానికి మా ఇంటి గోడకు టైమరు వచ్చింది. అరచేయంత డబ్బా, దాని మధ్యలో ఇరవై నాలుగు గంటలు గుర్తులేసిన చక్రం. ఆ చక్రం రోజుకొక చుట్టు తిరుగుతూ, తెల్లవారుజామున నాలుగుకు టక్కుమని గీజరును వేస్తుంది, నాలుగున్నరకు టక్కుమని ఆపుతుంది. ఈ ఏడు చక్రం పళ్ళు అరిగి జారడం మొదలుపెట్టింది. ఒక రోజు నాలుగున్నరకు వేడి, మరుసటి రోజు అయిదుకు. అయిదున్నరకు వేడెక్కిన రోజు మా అత్త సూర్యుడితో పందెం వేసుకున్నట్టు నాలుగు చెంబుల్లో స్నానం ముగించింది. మాసం ఇంకా పన్నెండు రోజులుంది. టైమరు మార్చక తప్పలేదు.

మరునాడు అత్త స్నానం కాగానే మెయిన్ ఆపి, టెస్టరుతో నాలుగు సార్లు తాకి చూసి, టైమరు విప్పినాను. వెనక నాలుగు వైర్లు, నాలుగూ నల్లవే. ఇల్లు కట్టేటప్పుడు నల్ల వైరు చుట్టలు చౌకగా దొరికినాయని మా మామ ఇల్లంతా అదే లాగించినాడట. రంగుకొక ధర ఎందుకని. అది విన్నప్పుడు ఆయన మీద నాకు కలిగిన గౌరవం ఇప్పుడు కొంచెం సడలింది.

టైమరు మీద మాత్రం వైరు దూర్చే చోట ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు అచ్చుపోసి ఉన్నాయి. ఏ వైరు ఏ అంకె దగ్గరిదో గుర్తు పెట్టుకుంటే కొత్తదానిలో అట్లే బిగించచ్చు. కొట్లోంచి దారం కట్టిన ధర చీటీలు నాలుగు తెచ్చి, ఒక్కో వైరుకు ఒక్కోటి కట్టి, వాటి మీద స, ర, క, ల అని రాసినాను.

ఈ అక్షరాల సంగతి చెప్పాలి. గుడ్డల కొట్లో ప్రతి చీరకూ ఒక చీటీ వేలాడుతుంది. దాని మీద మాకు పడిన ధర ఉంటుంది, కానీ అంకెల్లో కాదు, అక్షరాల్లో. ప్రతి కొట్టుకూ గుట్టుగా ఒక పదక్షరాల మాట ఉంటుంది. మొదటి అక్షరం ఒకటి, రెండో అక్షరం రెండు, అట్లా సున్న దాకా. గుణింతాలు పట్టించుకోరు. బేరమాడేటప్పుడు గిరాకీ ముందే చీటీ తిప్పి చూసుకుని ఎక్కడి దాకా దిగచ్చో తెలుసుకుంటాము. గిరాకీకి అది పిచ్చి రాతలాగా కనిపిస్తుంది. మా నాయన కొట్టు మాట "సిరి కలు" అని మొదలవుతుంది. స ఒకటి, ర రెండు, క మూడు, ల నాలుగు. మిగిలిన ఆరక్షరాలు ఇక్కడ రాయను, ఆ కొట్టు ఇంకా మా తమ్ముడు నడుపుతున్నాడు.

వైర్లకు అంకెలే రాసి ఉండచ్చు కదా అని మీరడగచ్చు. చీటీ చేతికొస్తే నా చెయ్యి అంకె రాయదు. పెళ్ళికి ముందు పదేళ్ళు చీటీలు రాసిన చెయ్యి అది.

కొత్త టైమరు ఎమ్మిగనూరులో పన్నెండు వందల యాభై. అదే ఆదోనిలో అయితే బేరం తెగుతుంది. పైగా ఆడవాళ్ళకు బస్సు ఉచితం. ఊరికే పోయి, ఊరికే వచ్చి, మధ్యలో లాభం చేసుకోవచ్చు. ఆదోనిలో దిగి బొరుగుల ఉగ్గాణి, బజ్జీలు తిని, కరెంటు సామాన్ల కొట్టు షట్టరు సగం లేచేసరికి వంగి లోపలికి దూరినాను.

"రొంత ఆగు పాపా, దీపం పెట్టనీ."

"పెట్టన్నా. బోణీ నేనే."

ఆయన చేతిలో అగ్గిపుల్ల అట్లే ఆగిపోయింది. పొద్దున వచ్చిన మొదటి గిరాకీ కొనకుండా దిగిపోతే కొట్టాయనకు ఆ రోజంతా మనసు మనసులో ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలిసిపోయింది.

"టైమరు పన్నెండు వందల యాభై" అన్నాడు.

"అది ఎమ్మిగనూరు రేటు. బస్సెక్కి వచ్చినదానికి ఆదోని రేటు సెప్పు."

"బస్సు మీకు ఊరికే గదా."

"నా టైము ఊరికేనా అన్నా?"

"టైము కావాలనే గదా టైమరు కొంటాండావ్."

"ఎనిమిది వందలు."

"ఎనిమిది వందలకు దాని అట్టపెట్టె ఇస్తా, తీసుకపో."

"సరే, పోయొస్తా" అని ఒక మెట్టు దిగి, రెండో మెట్టుకు కాలు గాల్లో పెట్టి నిలబడినాను. మా కొట్లో గిరాకీలు మా నాయనను ఇట్లే సతాయించేవాళ్ళు. ఆ కాలు కింద పడేలోపల ఏదో ఒకటి చెప్పాలి.

"కాలు దించద్దు! వెయ్యి."

"తొమ్మిది వందల యాభై."

"తొమ్మిది వందల ఎనభై. ఇంకొక మాటన్నావంటే షట్టరు దించి, మళ్ళా ఎత్తి, ఇంకొకరితో బోణీ చేసుకుంటా."

తొమ్మిది వందల ఎనభైకి తెచ్చినాను. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి పెట్టె నా భర్త చేతిలో పెట్టి, "గుర్తులు కట్టి పెట్టినా. సూసి బిగించు" అని కొట్లో కూర్చున్నాను. వచ్చిన ప్రతి గిరాకీకీ కాలు గాల్లో పెట్టిన కథ చెప్పినాను. ఒకామె ఆ కథ విని, అట్లే కాలు గాల్లో పెట్టి మా చీర మీద యాభై తగ్గించుకుని పోయింది.

పైన నా భర్త చీటీలు చదివి, వైర్లు బిగించి, చక్రాన్ని చేత్తో నాలుగు గంటల మీదికి తిప్పినాడట. టక్కుమంది. గీజరు ఎర్ర దీపం వెలిగింది. చక్రం టిక్ టిక్‌మని నడిచింది. అర్ధగంటకు నీళ్ళు పొగలు కక్కినాయి, టక్కుమని ఆగిపోయింది. అప్పుడు చక్రాన్ని అసలు టైము మీదికి, ఒకటీ నలభైకి, తిప్పి కిందికి వచ్చి, "పని ఐపోయింది. రెండు వందల యాభై మిగిలింది" అన్నాడు. ఇద్దరం తృప్తిగా అన్నం తిన్నాము.

తెల్లవారుజామున టక్కు వినబడలేదు. వినబడింది మా అత్త గొంతు.

"ఏమ్మే! ఈ పొద్దు నది ఎండిపోయినట్టుండాది."

లేచి చూస్తే టైమరు చక్రం ఇంకా ఒకటీ నలభై మీదే ఉంది. ఊరంతా తెల్లవారుతుంటే మా గోడ మీద ఇంకా నిన్నటి మధ్యాహ్నమే. నేను చక్రం తిప్పబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "ముట్టద్దు. పుణ్యంలో వాటాకొస్తాండావా?" అని తలుపేసుకుంది.

రోజూ నదుల పేర్లు రాగం తీసి చెప్పే మనిషి. ఆ రోజు "గంగ" అన్నది కేక. "యమున" అన్నది ఇంకా పెద్ద కేక. గోదావరికి సగమే పలికింది. కావేరి దగ్గరికొచ్చేసరికి గొంతులోంచి ఈల వచ్చింది. తలుపు తీసుకుని వచ్చి, రెండు దుప్పట్లు కప్పుకుని మంచం మీద కూర్చుంది. పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి. సాయంత్రానికి మోకాళ్ళు రెండూ ఉబ్బుతాయని నాకు తెలుసు.

"రేపు టైమరు ఆడకపోతే?" అన్నాను.

"ఆడకపోయినా చేస్తా. పదకొండేండ్లు తప్పలేదు, నీ బేరానికి తప్పుతానా?"

ఒక్క తిట్టు తిట్టలేదు. దానికే నాకు భయం వేసింది. ఆ మోకాళ్ళ మీద ఇంకొక చన్నీళ్ళ స్నానం పడితే మాసం పూర్తయ్యే దాకా ఆమె లేచి నడవలేదు.

మళ్ళా టైమరు విప్పి, సంచిలో వేసుకుని, మళ్ళా ఉచిత బస్సెక్కినాను. "ఒక్క రోజు గూడా నడవలేదు నీ సరుకు" అని కొట్టాయన ముందు పెట్టినాను. ఆయన టైమరును తన పరీక్ష బోర్డుకు తగిలించినాడు. టిక్ టిక్. "కూసో పాపా. గంట సూద్దాం" అన్నాడు. గంట సేపు అది నా మొహం మీదే టిక్ టిక్‌మంది. నిమిషం కూడా తప్పలేదు. ఊరికే కూర్చోవడం సిగ్గనిపించి, అవసరం లేని బల్బులు రెండు కొన్నాను. బేరమాడలేదు.

"టైమరుకు రోగం లేదు" అన్నాడాయన. "ఒకటి, రెండు కరెంటు వచ్చే వైర్లు. మూడు, నాలుగు గీజరుకు పోయేటివి. అవి తారుమారైతే గీజరు కాగేటప్పుడు మాత్రమే చక్రానికి కరెంటు అందుతాది. గీజరు ఆగిందంటే చక్రం గూడా ఆడనే ఆగిపోతాది. మీ ఇంట్లో జరిగింది అదే."

"తారుమారు కాదన్నా. మాది కొట్టు కుటుంబం. చీటీలు కట్టినా."

"కట్టింది ఎవరు?"

"నేనే."

"బిగించింది ఎవరు?"

"మా ఆయన."

"అయితే ఈడ అడిగేది ఏముండాది? పోయి ఇద్దరూ మాట్లాడుకోండి."

ఇంటికి వచ్చి నా భర్తను గోడ ముందు నిలబెట్టినాను. "నేను సూసినట్టే బిగించినా" అన్నాడు. "నాకు చీటీ చదివేది రాదా ఏంది? ఇదో, క ఒకటి. ల రెండు. స మూడు. ర నాలుగు."

"క ఒకటి ఎట్లయితాది? స ఒకటి, ర రెండు, క మూడు, ల నాలుగు గదా!"

"యాడ మూడు? కలిసిరా! క, ల, స, ర. ఒకటి, రెండు, మూ..." అని నోరు చేత్తో మూసుకున్నాడు.

ఇరవై ఏళ్ళ కాపురంలో మొదటిసారి వాళ్ళ కొట్టు మాట నా చెవిన పడింది. కొట్లో బేరం నాది, చీటీ చదివే పని మాత్రం ఆయనది. కొట్టు గుట్టు కోడలికి చెబితే అది పుట్టింటికి బస్సెక్కుతుందని మా మామ పెట్టిన కట్టుబాటు. నేనూ ఎప్పుడూ అడగలేదు. అడిగితే మా నాయనది నేనూ చెప్పాల్సొస్తుంది. ఇప్పుడు నాలుగు నల్ల వైర్ల పుణ్యమా అని రెండు కొట్ల గుట్టూ గోడకు వేలాడుతోంది. మా ఆదోని ఒకటి వాళ్ళ ఎమ్మిగనూరు మూడు. మా రెండు వాళ్ళ నాలుగు. వచ్చే కరెంటు పోయే దారిలో, పోయేది వచ్చే దారిలో.

మంచం మీద పళ్ళ చప్పుడు ఆగింది. అత్త దుప్పటి తీసి పక్కన పడేసి, గోడ పట్టుకుని బీరువా దాకా నడిచి, పసుపు పచ్చ పట్టుచీర ఒకటి తెచ్చింది. కట్టని చీర. చీటీ ఇంకా వేలాడుతోంది. రాసింది నా చెయ్యే.

"సదువు మే. మీ నాయన లెక్కలో."

"ఇప్పుడెందుకత్తా, ముందు టైమరు..."

"సదువు."

స, క, ర, ల. అక్షరాలే చదివినాను, అంకెలు కాదు. ఆమె వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది.

"పదమూడు వందల ఇరవై నాలుగు."

"అంతే ఉంటాదేమో" అన్నాను.

"మీ పెండ్లికి ఆరు పట్టుచీరలు మీ నాయన కొట్లోనే తీసుకుంటిమి. వియ్యంకులకు పడిన ధరకే ఇస్తాండా అని ఒక్కోటి పదహారు వందలు తీసుకున్నాడు. ఇంటికొచ్చి నేను చీటీ సూసుకున్నా, మా లెక్కలో. స మూడు, క ఒకటి, ర నాలుగు, ల రెండు. మూడు వేల నూట నలభై రెండు! మూడు వేల చీర సగం ధరకిచ్చి, పైకి సెప్పుకోకుండా పడిన ధరే అంటాండాడే, ఎంత మర్యాదస్తుడు అనుకున్నా. ఆ మనిషి కూతురు అని ఇరవై ఏండ్లు నిన్ను ఒక్క మాటనలేదు."

"అందుకేనా?"

"మరి? నీ సాంబారుకనుకున్నావా?"

నా భర్త మెట్ల మీద కూర్చుని, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియకుండా తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. అత్త కూడా నవ్వు ఆపుకోలేక దగ్గింది. దగ్గుతూనే, "చీరకు రెండు వందల డెబ్బై ఆరు లాభం. ఆరు చీరలు. పదహారు వందల యాభై ఆరు. వడ్డీ ఒద్దులే" అంది. అంత చలిలోనూ హెచ్చవేతలో తప్పు పోలేదు.

నా భర్త స్క్రూడ్రైవరు తీసుకుంటుంటే ఆమె లాక్కుంది. "నా స్నానం మీ అక్షరాల మీద పెట్టను. కరెంటు ఆయన్ను పిలువు."

ఆయన అదే నవ్వుతో మెట్లెక్కి వచ్చినాడు. చీటీలు చూసి, "ఇదేంది, వైర్లకు చీరలు కట్టినారా?" అన్నాడు. మూడు వందలు అడిగినాడు.

"మొన్న రెండు వందల యాభై అంటివి గదన్నా!"

"అది పని చేసే రేటమ్మా. ఇది చేసిన పని తుడిచే రేటు."

నూట యాభై అందామని నోరు తెరిచినాను. మంచం మీద పళ్ళు మళ్ళా టకటకలాడినాయి. నోరు మూసుకున్నాను. ఆయన చీటీలు నాలుగూ కత్తిరించి పారేసి, కరెంటు వచ్చే జతకు ఎర్ర టేపు చుట్టి, అయిదు నిమిషాల్లో బిగించేసినాడు. ఆ పూట మేము ముగ్గురం వంతులవారీగా టైమరు ముందు నిలబడి చక్రం కదులుతోందా అని చూసినాము. కదులుతోంది.

మరునాడు నాలుగుకు టక్కుమంది. దుప్పటిలో మెలకువగా ఉండి విన్నాను. నాలుగున్నరకు మళ్ళా టక్కు. ఆ తర్వాత గంగ రాగం తీసుకుంటూ వచ్చింది. యమున వచ్చింది. గోదావరి పూర్తిగా పలికింది. కావేరిని మా అత్త రెండు చెంబులు పోసుకుంది, నిన్నటిది కూడా కలిపి. తల తుడుచుకుంటూ బయటికి వచ్చి, కుంటుతూనే పొయ్యి ముట్టించి, కాఫీ నా ముందు పెట్టి, పక్కన కాగితం, పెన్ను పెట్టింది.

"లెక్క రాయి. మీ అక్షరాల్లో కాదు, అంకెల్లో."

రాసినాను. టైమరు 980. స్క్రూడ్రైవరు, టెస్టరు 170. ఆదోనిలో రెండు రోజుల ఆటోలు 80. బస్సు నాలుగు సార్లు, సున్న. ఉగ్గాణి, బజ్జీలు రెండు పూటలు 100. సిగ్గు పడి కొన్న బల్బులు 200. అత్త మోకాళ్ళకు పూత మందు 140. పని తుడిచిన కూలి 300. పాత టైమరును పాత సామాన్లాయన 20కి తీసుకున్నాడు, అది తీసేస్తే 1950. మా నాయన ఆరు చీరల లాభం 1656. దాన్ని నోట్లతో, చిల్లర ఆరు రూపాయలతో సహా అత్త చేతిలో పెట్టినాను. వద్దంటుందేమో అని చెయ్యి కొంచెం వెనక్కే పట్టుకున్నాను గానీ, ఆమె లెక్క పెట్టుకుని కొంగున ముడేసుకుంది. మొత్తం 3606. ఈ ఊర్లోనే టైమరు కొని, కరెంటు ఆయన అడిగింది ఇచ్చి ఉంటే 1500 అయ్యేది. నష్టం 2106 రూపాయలు.